కారు ఇంజన్ వేడెక్కుతోందా? ముందు ఏ రోడ్డు మీద వేడెక్కుతోందో చూడండి

విశాఖలో మే నెల మధ్యాహ్నం గాజువాక జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి లేచి, ఎన్‌ఏడీ కూడలి దాటి కాస్త వేగం అందుకోగానే దానంతటదే దిగిపోయే కారు ఒకటి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా హాయిగా నడిచి, అనంతగిరి ఘాట్‌లో నాలుగు మలుపులు తిరిగేసరికి ఎర్ర గీత అందుకునే కారు ఇంకొకటి. గ్యారేజీకి వెళ్ళి రెండింటి గురించీ చెప్పే మాట ఒకటే: "హీటవుతోంది". రోగం మాత్రం ఒకటి కాదు. మొదటిదానికి చూడాల్సింది ఫ్యాన్. రెండోదానికి ఫ్యాన్ మార్చినా పైసా ఉపయోగం లేదు, అక్కడ చూడాల్సింది నీళ్ళు సరిగా తిరుగుతున్నాయా, ఆ నీళ్ళ వేడిని గాలికి వదిలే రేడియేటర్ లోపల పూడిపోయిందా అన్నది.

ఈ తేడా పట్టుకోకుండా ముందు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్ళ దారి తెరిచే వాల్వు), వారం తర్వాత వాటర్ పంపు, ఆ తర్వాత రేడియేటర్ అని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, ఈలోపు హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) కూడా పోతుంది. కింద చెప్పిన వరసలో చూడండి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఇంజన్ విప్పాల్సినవి ఆఖరున.

ముల్లు లేచినప్పుడు రోడ్డు మీద

వెంటనే ఏసీ ఆపండి. ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది కాబట్టి, ఏసీ నడుస్తున్నంతసేపూ రేడియేటర్‌కి అందేది వేడి గాలే. తర్వాత అద్దాలు దించి, హీటర్ నాబ్ పూర్తిగా ఎరుపు వైపు తిప్పి, బ్లోయర్ ఆఖరి నంబరులో పెట్టండి. విశాఖ ఉక్కపోతలో ఇది భరించడం కష్టమే, కానీ డ్యాష్‌బోర్డు కింద ఉండే హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడిని కొంత లాగి బయటికి పంపిస్తుంది. ముల్లు ఎర్ర గీతను ఇంకా తాకకపోతే, బండిని మెల్లగా పక్కకి తీసుకునేంత సమయం దీనివల్ల దొరుకుతుంది.

హీటర్ పూర్తిగా పెట్టినా చల్లని గాలే వస్తోందా? ఇంజన్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే రంగు ద్రవం, నీళ్ళు అని చాలాచోట్ల అంటున్నది దీన్నే) అడుగంటిపోయిందని దాదాపుగా తేలిపోయినట్టే. అప్పుడు గానీ, ఎర్ర దీపం వెలిగినప్పుడు గానీ, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తున్నప్పుడు గానీ "ఇంకొక్క కిలోమీటరే కదా" అని లాగొద్దు. ఇంజన్ ఆపేయండి.

రేడియేటర్ మూత ముట్టుకోకండి. గుడ్డ అడ్డం పెట్టుకున్నా సరే. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉంటుంది. మూత వదులవగానే ఆ ఒత్తిడి పోయి, నీరంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం ముప్పావుగంట ఆగాలి. రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లబడి, నొక్కితే మెత్తగా లోపలికి పోతే అప్పుడు మూత తీయొచ్చు. అంతకుముందే చన్నీళ్ళు పోస్తే మాడిపోయిన అల్యూమినియం హెడ్ ఒక్కసారిగా ముడుచుకుని వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. పూర్తిగా చల్లారాక, వేరే దారి లేకపోతే, తాగే నీళ్ళ సీసా పోసుకుని దగ్గర్లోని గ్యారేజీ దాకా వెళ్ళడంలో తప్పు లేదు. తర్వాత ఆ నీళ్ళు తీయించి కూలెంట్ నింపించాలి.

మొదటి పని: ఎప్పుడు వేడెక్కుతోందో రాసుకోండి

చాలా చిన్న కార్లలో ఇప్పుడు ముల్లు ఉండటం లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరి వేడెక్కినప్పుడు ఎర్ర దీపం, మధ్యలో ఏమీ కనబడదు. ఎర్ర దీపం వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం ఒకటి కొనుక్కుంటే ఫోన్లో కూలెంట్ ఉష్ణోగ్రత డిగ్రీల్లో కనబడుతుంది. ఈ పనికి ఇంతకంటే మంచి పెట్టుబడి లేదు. చాలా ఇంజన్లు 85 నుంచి 100 డిగ్రీల మధ్య నడుస్తాయి, 95 నుంచి 100 మధ్య ఎక్కడో ఫ్యాన్ అందుకుని మళ్ళీ కిందికి దించుతుంది. 105 దాటి అక్కడే నిలబడితే ఏదో తేడా ఉన్నట్టు. 115 అంటే బండి ఆపాల్సిందే.

ఇప్పుడు బండి వేడెక్కే తీరు గమనించండి. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే ఎక్కి, మద్దిలపాలెం దాటి ఆనందపురం వైపు హైవే మీద 60లో వెళ్తుంటే దిగిపోతోందంటే, రేడియేటర్ మీదుగా గాలి ఆడటం లేదన్నమాట. పరుగులో ఎదురుగాలి చేసే పని నిలబడినప్పుడు ఫ్యాన్ చేయాలి, అది చేయడం లేదు. దీనికి తలకిందులుగా, ఊళ్ళో బాగానే ఉండి హైవేలో వేగం పెరిగినప్పుడో, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడో ఎక్కుతోందంటే నీటి ప్రవాహం చాలడం లేదు: రేడియేటర్ పూడిక, అరిగిన పంపు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, తగ్గిన కూలెంట్, పంపు లాగుతున్నప్పుడు చప్పిడైపోయే కింది గొట్టం, వీటిలో ఒకటి. పొద్దున్నే స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే ఎక్కితే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కూలెంట్ లేకపోవాలి, లేదా హెడ్ గాస్కెట్ పోవాలి. ఏసీ వేస్తేనే ఎక్కితే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య చెత్త, లేదా ఫ్యాన్ రెండో స్పీడు పనిచేయడం లేదు. ఇక ముల్లు ఒక్కసారిగా ఎగిరి, ఒక్కసారిగా పడుతుంటే లోపల గాలి బుడగలు తిరుగుతున్నాయి, లేదంటే సెన్సర్ వైరు వదులైంది.

బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్ళొచ్చి "బాగానే ఉంది" అనుకోవద్దు. ఆ రోడ్డులో పెద్ద ఎక్కుళ్ళు లేవు, పైగా సముద్రపు గాలి. చాలా లోపాలు అక్కడ బయటపడవు.

రాత్రంతా చల్లారిన బండిలో నీళ్ళు చూడటం

పొద్దున స్టార్ట్ చేయకముందు బానెట్ ఎత్తండి. పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు రెండు గీతల మధ్య ఉన్నాయని సంతోషపడి మూసేయకండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. ఇంజన్ చల్లారినప్పుడు రేడియేటర్ తన మూతలోని చిన్న వాల్వు ద్వారా డబ్బాలోంచి నీళ్ళు వెనక్కి లాక్కోవాలి. మూత పాడైనా, ఎక్కడైనా సన్న లీకు ఉన్నా నీళ్ళకి బదులు గాలి లాగుతుంది. అందుకే రేడియేటర్‌కి విడిగా మూత ఉన్న కార్లలో ఆ మూతే తీసి చూడాలి. నీళ్ళు అంచు దాకా కనబడాలి. వేలు పెడితే తగలకపోతే తక్కువున్నట్టే. కొన్ని కార్లలో రేడియేటర్ మీద మూత ఉండదు, ఒత్తిడి మూత ఆ డబ్బాకే ఉంటుంది. వాటిలో డబ్బా గీతే లెక్క.

రంగు కూడా చూడండి. ఆకుపచ్చో, గులాబీయో, నీలమో స్వచ్ఛంగా ఉంటే మంచిది. టీ డికాక్షన్‌లా గోధుమ రంగులో ఉంటే లోపల తుప్పు పట్టింది. పైన నూనె తెట్టు కట్టినా, ఇంజన్ ఆయిల్ మూత లోపలివైపు చిలికిన మజ్జిగ మీద నురగలాంటిది మందంగా పేరుకున్నా ఇంకా పెద్ద విషయం, హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి, దాని సంగతి చివర్లో.

నీళ్ళు తగ్గాయంటే ఎక్కడికో పోయాయి. "నెలకోసారి అరలీటరు పోస్తుంటాను, మామూలే" అనుకోవద్దు. బాగున్న బండిలో కూలెంట్ తరగదు.

లీకు వెతకడం

విశాఖలో ఇక్కడే ఒక తికమక ఉంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ నడిచిన కారు కింద గ్లాసుడు నీళ్ళు కారడం మామూలే. అది ఏసీ నీరు: రంగు ఉండదు, వేళ్ళ మధ్య రుద్దితే మామూలు నీళ్ళలాగే ఉంటుంది, ముందు సీట్ల కింది భాగంలో పడుతుంది. కూలెంట్ అయితే వేళ్ళకి జిడ్డుగా జారుతుంది, తియ్యటి వాసన ఉంటుంది. నాలుక్కి మాత్రం తగిలించకండి, అది విషం. నేల మీద పడింది కుక్కలు, ఆవులు తియ్యగా ఉంటుందని నాకుతాయి కాబట్టి వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి.

టార్చి తీసుకుని, ఆరిపోయిన కూలెంట్ వదిలిన తెల్లటి లేదా రంగు చారలు వెతకండి. మొదట గొట్టాల క్లిప్పుల దగ్గర. తర్వాత రేడియేటర్ అల్యూమినియం జాలీకి రెండు వైపులా ప్లాస్టిక్ తొట్టె కలిసే అంచు, వయసైన రేడియేటర్లు ఎక్కువగా చెమర్చేది అక్కడే. తర్వాత వాటర్ పంపు కింద చిన్న రంధ్రం. అది లోపలి సీలు పోతే బయటికి తెలియడానికే పెట్టింది. అక్కడ చార కనబడితే దాన్ని ఎం-సీల్ పెట్టి మూయకండి, పంపు మార్చండి. కారు లోపల ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దం లోపలివైపు జిడ్డు మసక కమ్ముతుంటే హీటర్ కోర్ కారుతోంది.

కంటికి దొరకకపోతే గ్యారేజీలో ప్రెషర్ టెస్టర్ పెట్టించండి. రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి, అంటే చాలావాటికి 0.9 లేదా 1.1 బార్, ఎక్కించి పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. టెస్టర్ ముల్లు కదలకూడదు. దిగుతుంటే ఎక్కడో కారుతోంది. బయట ఎక్కడా తడి లేకుండా దిగుతుంటే ఇంజన్ లోపలికే పోతోంది.

అన్నిటికంటే చౌకది: మూత

రేడియేటర్ మూతని డబ్బా మూతలాగా చూస్తారు. అది ఒక వాల్వు. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. 1.1 బార్ అదనపు ఒత్తిడిలో ఉంచితే 120 దాటేదాకా మరగవు. మూత స్ప్రింగు నీరసించి ఆ ఒత్తిడి నిలవకపోతే, మిగతా సామానంతా కొత్తదైనా ఘాట్‌లో నీళ్ళు మరిగి డబ్బాలోకి పొంగిపోతాయి. లోపలి రబ్బరు గట్టిపడిందా, పగుళ్ళున్నాయా, మధ్యలో చిన్న వాల్వు గోటితో లాగితే వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్తోందా చూడండి. ఇంజన్ చల్లారాక పై గొట్టం చప్పిడిగా అతుక్కుపోయి కనబడితే ఆ వాల్వు ఇరుక్కుపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న అంకె చూసి అదే కొనండి. ఎక్కువ అంకె పెడితే బలం కాదు, పాత గొట్టాలూ ప్లాస్టిక్ తొట్టెలూ పగులుతాయి.

ఫ్యాన్

ముందే ఒక హెచ్చరిక: కరెంటు ఫ్యాన్ ఇంజన్ ఆపి ఉన్నా ఒక్కసారిగా తిరగొచ్చు. వేళ్ళు దూరంగా ఉంచండి, మెడలో తువ్వాలు ఉంటే తీసేయండి.

ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే, ఒక నోటుపుస్తకం కాగితం చింపి గ్రిల్ వైపు నుంచి కండెన్సర్‌కి ఆనించి వదలండి. కాగితం దానంతటదే అతుక్కుని ఉండాలి. జారిపడితే ఫ్యాన్‌కి బలం లేదు, లేదా జాలీ మూసుకుపోయింది. కాగితం ముందుకి ఎగిరితే ఎవరో మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేశారు, ఫ్యాన్ వెనక్కి తిరిగి ఎదురుగాలితో పోట్లాడుతోంది.

అసలు తిరగకపోతే ఫ్యూజు చూడండి. ఫ్యాన్‌కి సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు ఉంటుంది. అది బాగుంటే రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు, చూడండి. అదే పెట్టెలో అదే నంబరున్న రిలే ఇంకొకటి, హారన్‌దో మరొకటో, ఉంటుంది. రెండూ మార్చి పెట్టి చూడండి. అయినా తిరగకపోతే మోటారు ప్లగ్ ఊడదీసి, ఫ్యూజు ఉన్న వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం వైరింగులోనో సెన్సర్‌లోనో ఉంది. తిరగకపోయినా, తడితే తిరిగి మళ్ళీ ఆగినా, బ్రష్షులు అరిగిపోయాయి. చాలా కార్లలో కూలెంట్ సెన్సర్ ప్లగ్ ఊడదీస్తే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ భయపడి ఫ్యాన్‌ని పూర్తి వేగంలో తిప్పుతుంది. అలా తిరిగితే రిలే, వైరింగు, మోటారు మూడూ బాగున్నట్టు, అనుమానం సెన్సర్ మీదే.

ప్లగ్ ఊడదీసినప్పుడు లోపల పిన్నుల్ని దగ్గరగా చూడండి. పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఏళ్ళ తరబడి నిలిపిన కార్లలో ఆ రాగి పిన్నుల మీద చిలుము పచ్చగా పూస్తుంది. ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. ఆ చిలుము వల్ల అడ్డు పెరిగి, మోటారుకి 12 వోల్టులకి బదులు 8, 9 వస్తాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కంటికి బాగానే ఉన్నట్టు కనబడుతుంది, గాలి మాత్రం సగం. అందుకే మల్టీమీటరు పెట్టి తిరుగుతున్నప్పుడే కొలవాలి. పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేస్తే కొన్నాళ్ళు ఆగుతుంది, కరిగిన ప్లగ్ మాత్రం మార్చాల్సిందే.

జాలీ మీద ఉప్పు, సందులో మట్టి

పోర్టు రోడ్డు, వన్‌టౌన్ వైపు రోజూ తిరిగే బండి కండెన్సర్ వెనక వేలు పెట్టి చూడండి. బొగ్గు, ఖనిజ ధూళి నూనె తడితో కలిసి కాటుకలా అతుక్కుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. చెత్త పేరుకునేది కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో. ఫ్యాన్ విప్పి, ఇంజన్ వైపు నుంచి ముందుకి, అంటే చెత్త వచ్చిన దారికి ఎదురుగా, తోట పైపుతో మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే పల్చటి రేకులు మడిచిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

కడిగేటప్పుడు రేకుల్ని గోటితో తాకి చూడండి. గట్టిగా ఉంటే సరే. బూడిదలా రాలిపోతుంటే ఉప్పుగాలి తినేసింది. గొట్టాలు కారకపోయినా వేడిని గాలికి అందించే రేకులు లేవు కాబట్టి ఆ రేడియేటర్ పనికిరాదు, మార్చండి. గ్రిల్ ముందు బిగించిన పెద్ద క్రాష్ గార్డు, అదనపు లైట్లు కూడా ఒకసారి తీసి చూడండి, అవి ఆపే గాలి తక్కువేం కాదు.

థర్మోస్టాట్: తీసి పారేయడం వైద్యం కాదు

"థర్మోస్టాట్ తీసేశాం, ఇంక హీటవదు" అనే మాట చాలాచోట్ల వినబడుతుంది. ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి చేరదు, కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజన్ అరుగుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనక పళ్ళెం బైపాస్ దారిని, అంటే రేడియేటర్‌ని తప్పించే దగ్గరి దారిని, మూస్తుంది. దాన్ని తీసేస్తే నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా దగ్గరి దారిలోనే తిరుగుతాయి, ఘాట్‌లో ముందుకంటే ఎక్కువ వేడెక్కుతుంది.

పరీక్ష ఇలా. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫోన్లో ఉష్ణోగ్రత చూస్తూ రేడియేటర్ రెండు గొట్టాలూ గమనించండి. చేత్తో ముట్టుకోవడం కంటే, దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ మేలు. 90 దాటాక రెండు గొట్టాలూ వేడెక్కాలి, కింది గొట్టం పైదానికంటే సుమారు పది డిగ్రీలు తక్కువ ఉండటం ఆరోగ్యం. ఫోన్లో 105 కనబడుతున్నా కింది గొట్టం చల్లగానే ఉంటే నీళ్ళు రేడియేటర్ గుండా పోవడం లేదు. థర్మోస్టాట్ మూసుకుపోయింది, లేదా పంపు తోయడం లేదు.

ఏదో తేల్చడానికి థర్మోస్టాట్ విప్పి వంటింటి పరీక్ష చేయండి. దాని అంచు మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది. వాల్వు సందులో దారం ఇరికించి, గిన్నె అడుగు తాకకుండా నీళ్ళలో వేలాడదీయండి, పక్కనే థర్మామీటరు పెట్టి కాయండి. ఆ అంకెకి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూగా వాల్వు వదులై, దారం జారి, థర్మోస్టాట్ గిన్నెలో పడాలి. అక్కణ్ణుంచి పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి దాదాపు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. నీళ్ళు మరుగుతున్నా సగమే తెరుచుకుంటే అదే మీ ఘాట్ రోగం. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి. కొత్తది బిగించేటప్పుడు చిన్న గాలి రంధ్రం పై వైపుకి రావాలి, గాస్కెట్ లేదా రబ్బరు రింగు కొత్తదే వేయాలి.

కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ పై గొట్టం దగ్గర కాక కింది గొట్టం దగ్గర ఉంటుంది. వాటిలో పై గొట్టం ముందునుంచే వేడిగా ఉంటుంది, దాన్నిబట్టి థర్మోస్టాట్ బాగుందని తేల్చేయొద్దు.

పంపు, పూడిక

పంపుకి బెల్టు వదులుగా ఉందా, మెరుస్తూ గట్టిపడిందా చూడండి. ఇంజన్ ఆపి పుల్లీ పట్టుకుని ఊపితే కదలకూడదు. బయటికి అంతా బాగున్నా లోపలి రెక్కలు తినేసి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఉత్త నీళ్ళతో నడిపిన బండిలో ఇనుప రెక్కలు బిస్కెట్టు కొరికినట్టు అయిపోతాయి, ప్లాస్టిక్ రెక్క అయితే ఇరుసు మీద జారిపోతుంది. పంపు టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజన్ అయితే రెండూ ఒకేసారి మార్చేయండి. కూలీ రెండుసార్లు ఇవ్వడం దండగ.

రేడియేటర్ పూడికకి మళ్ళీ ఇన్‌ఫ్రారెడ్ గన్నే. ఇంజన్ బాగా వేడెక్కి ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు జాలీ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా చూపించుకుంటూ పోండి. ఉష్ణోగ్రత క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో హఠాత్తుగా ఇరవై, ముప్పై డిగ్రీలు చల్లగా ఉన్న మచ్చ తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. బోరు నీళ్ళు పోసిన రేడియేటర్‌కి ఇది తప్పదు. తీరం వెంబడి చాలాచోట్ల బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం రెండూ ఉంటాయి. సున్నం గోడలకి పడుతుంది, ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది. "మన ఊళ్ళో గడ్డకట్టేంత చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు" అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. మనకి కూలెంట్ కావాల్సింది తుప్పు ఆపడానికి, మరిగే డిగ్రీ పెంచడానికి. తేలికపాటి పూడిక ఫ్లష్‌తో పోతుంది. మరుగుదొడ్డి యాసిడ్ పోసి కడిగే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి, అల్యూమినియం కరిగిపోతుంది.

ఆఖరి అనుమానం: హెడ్ గాస్కెట్

పైవన్నీ బాగుండి ఇంకా వేడెక్కుతుంటే, లేదా బయట లీకు లేకుండా నీళ్ళు తరుగుతుంటే ఇది చూడాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాల్లో పై గొట్టం నొక్కండి. నీళ్ళింకా వేడెక్కకుండానే గొట్టం రాయిలా బిగుసుకుంటే సిలిండర్లలోని గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోంది. మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు వస్తూనే ఉంటాయి. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంది.

రూఢి చేసుకోవడానికి గ్యారేజీలో నీలం ద్రవం పరీక్ష ఉంటుంది. రేడియేటర్ మూతి మీద ఆ ద్రవమున్న గొట్టం పెట్టి లోపలి గాలిని పీలుస్తారు. పెట్రోలు ఇంజన్‌లో గ్యాసు వస్తుంటే నీలం పసుపవుతుంది. పది నిమిషాల పని, హెడ్ విప్పకముందే ఇది చేయమని పట్టుబట్టండి. హెడ్ విప్పాక లేత్‌లో ఫేసింగ్‌కి, అంటే చదును చేయడానికి, పంపే ముందు స్కేలు, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజి పెట్టి కొలవాలి. చాలా ఇంజన్లకి వంపు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. పగుళ్ళ పరీక్ష కూడా అప్పుడే చేయించండి. హెడ్ బోల్టులు మార్చాలని మాన్యువల్‌లో ఉంటే కొత్తవే వేయాలి. సాగిన బోల్టుతో బిగించిన గాస్కెట్ మళ్ళీ పోతుంది.

నింపడం, గాలి తీయడం

రిపేరు సరిగా చేసి, నింపడం సరిగా చేయక మళ్ళీ వేడెక్కే బళ్ళు చాలా ఉన్నాయి. చిన్న కారుకి సుమారు నాలుగు లీటర్లు, పెద్ద డీజిల్ బండికి దానికి రెట్టింపు దాకా పడుతుంది, మీ మాన్యువల్‌లో అంకె చూడండి. కాన్సంట్రేట్ (నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్) అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, రెడీమిక్స్ అయితే నీళ్ళు కలపకుండా పోయండి. కాన్సంట్రేట్ ఒక్కటే పోస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవద్దు, అది నీళ్ళకంటే తక్కువ వేడి మోస్తుంది. రంగు కలిసింది కదా అని రెండు రకాలు కలపకండి. రంగు కంపెనీ ఇష్టం, చూడాల్సింది మాన్యువల్‌లో రాసిన రకం.

బండి మూతి ఎత్తుగా ఉండేలా ఏటవాలులో నిలపండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేయండి. గరాటుతో మెల్లగా పోస్తూ, స్క్రూ దగ్గర బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. మూత తీసే ఉంచి ఇంజన్ ఐడిల్‌లో నడపండి. థర్మోస్టాట్ తెరుచుకునే వేళకి, పదిహేను ఇరవై నిమిషాలకి, నీళ్ళ మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు మళ్ళీ నింపి, మూత బిగించండి. మధ్యలో నీళ్ళు పొంగుతుంటే వెనక్కి జరిగి ఇంజన్ ఆపండి. హీటర్ నుంచి మంచి వేడి గాలి వస్తుంటే లోపల గాలి లేనట్టే. తీసిన పాత కూలెంట్‌ని కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇచ్చేయండి.

తర్వాత పరీక్షకి ముందు ఊళ్ళో ట్రాఫిక్, ఆ తర్వాత హైవే మీద తగరపువలస దాకా, ఆఖరున సింహాచలం ఘాట్. ఈ మూడూ దాటాకే అరకు ప్రయాణం పెట్టుకోండి. అనంతగిరి ఎక్కేటప్పుడు పెద్ద గేరులో గుంజించకుండా రెండో గేరులో, ఇంజన్ నిమిషానికి 2500 నుంచి 3000 సార్లు తిరిగేలా ఎక్కించండి. ఇంజన్ వేగంగా తిరిగితే పంపు కూడా వేగంగా తిరిగి నీళ్ళు ఎక్కువ తోస్తుంది. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, చల్లారాక, రేడియేటర్ మూత తీసి చూడండి. ఒక వేలు మందం తగ్గితే లోపల మిగిలిన గాలి బయటికి వచ్చి ఉంటుంది, పోసుకోండి. వారం తర్వాత మళ్ళీ తగ్గితే ఎక్కడో లీకు మిగిలిపోయింది, ప్రెషర్ టెస్టర్ మళ్ళీ పెట్టించండి.